తొంభై రోజుల బ్లూబెర్రీ

పోయిన సంక్రాంతికి రాజమండ్రి వెళ్లిన మా తమ్ముడు అక్కణ్ణించి నాకు ఫోన్ చేశాడు. సంగతి చెప్పేముందే నవ్వు. "అక్కా, అమ్మ డాబా మీద బ్లూబెర్రీ తోట వేసింది, నీకు తెలుసా?" అన్నాడు. ఫోన్లో ప్రకటన చూసి తెప్పించిందట. నాలుగు మొక్కలు, 1,499 రూపాయలు. తొంభై రోజుల్లో కాపు, ఏ నేలైనా ఫరవాలేదు, ఎంత ఎండైనా తట్టుకుంటుంది, ఏడాది పొడుగునా కాయలే కాయలు అని రాసి ఉందట. మూడు ఎండిపోయాయి. నాలుగోది బతికుంది గానీ అదేం మొక్కో ఎవరికీ తెలీదు.

నేనూ నవ్వాను. నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? ఆటో ఎక్కితే అరగంటలో కడియం నర్సరీలు. దేశం నలుమూలలకీ మొక్కలు పంపే ఊరిని పక్కన పెట్టుకుని, మా అమ్మ ముఖం తెలియని మనిషికి, చూడని మొక్క కోసం డబ్బు కట్టింది. అదీ మే నెలలో తారు రోడ్డు చెప్పులకి అంటుకునే ఊళ్లో, చలిదేశపు పండు కోసం.

ఆ సాయంత్రం వీడియో కాల్లో, "ఏంటమ్మా, బ్లూబెర్రీలు ఎప్పుడు పంపిస్తున్నావు?" అన్నాను. అమ్మ ఫోన్ పక్కకి తిప్పేసింది. కాసేపు గోడా, క్యాలెండరూ కనిపించాయి. "వాడు నీకూ చెప్పాడా?" అంది. తర్వాత మెల్లగా, "వేసవికి పిల్ల వస్తుంది కదే. అక్కడ డబ్బాలు డబ్బాలు తినేది. దాని చేత్తోనే చెట్టు మీంచి కోయిద్దామనుకున్నాను" అంది.

ఆ తర్వాత ఏదో కూర గురించి మాట్లాడి పెట్టేశాం.

నేను నవ్విన నవ్వు రాత్రంతా నన్నే గుచ్చింది. ఎందుకంటే ఈ పని నేనూ చేశాను. చేసి, ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

న్యూజెర్సీలో మేం ఈ ఇల్లు కొన్న మొదటి చలికాలం అది. ఇక్కడ మొక్కల కేటలాగులు జనవరిలో వస్తాయి. పెరడంతా మంచు, నాలుగున్నరకే చీకటి, కిటికీలోంచి చూస్తే ఎండుకొమ్మలు తప్ప ఇంకేం ఉండవు. సరిగ్గా అప్పుడే పోస్టు డబ్బాలో ఎర్రటి టమాటాలు, నీలం పళ్లు నిండిన పుస్తకం పడుతుంది. ఆకలిగా ఉన్నప్పుడు మిఠాయి కొట్టుకి వెళ్లినట్టే. అందులో ఒక పేజీలో చిన్నపిల్ల అరచేతిలో అర డాలరు బిళ్ళంత బ్లూబెర్రీలు. చెట్టు నిండా గుత్తులు. బకెట్లకొద్దీ కాపు, వేసవి అంతా కాపు. రెండు చెట్లు 40 డాలర్లు. అయిదేళ్ల మా అమ్మాయి ఆ బొమ్మ మీద వేలు పెట్టి "మనకీ కావాలి" అంది. నాకూ కావాలనే ఉంది, నెపం దాని మీద పెట్టాను.

ఏప్రిల్లో వచ్చాయి. చెట్లు కాదు, తడి కాగితంలో చుట్టిన రెండు పుల్లలు, పెన్సిలంత మందం. గ్యారేజీ గోడ పక్కన ఎండ బాగా పడుతుందని అక్కడ నాటాను. ఆకులు వేశాయి. జూన్‌కి ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. నీళ్లు చాలడం లేదేమోనని పోశాను. ఎరువు చాలడం లేదేమోనని వేశాను. ఆగస్టుకి రెండూ పోయాయి. మా వారు అడిగితే, "కుందేళ్లు కొరికేశాయండీ" అన్నాను. ఆయన పాపం రెండు శనివారాలు కష్టపడి తీగ కంచె కట్టారు. ఆ కంచె ఇప్పటికీ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నా 40 డాలర్లు గుర్తొస్తాయి.

మరుసటి ఏడు బుద్ధొచ్చి, గుప్పెడు మట్టి తీసి రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ల మట్టి పరీక్షల లాబ్‌కి పంపాను. పీహెచ్ 6.8 అని వచ్చింది. నేల పులుపు కొలిచే లెక్క అది. 7 అయితే పులుపూ కాదు, సున్నమూ కాదు. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. కూరగాయలకి 6.8 బంగారం. బ్లూబెర్రీకి మాత్రం 4.5 నుంచి 5.5 లోపు ఉండాలి. అంతకన్నా పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా ఈ మొక్క అందుకోలేదు, ఆకు పసుపెక్కుతుంది. పైగా నేను నాటింది సిమెంటు గోడ పక్కన. గోడలోంచి దిగే సున్నం వేళ్లకి తగులుతూనే ఉంది. ఈ మొక్కవి పైపైన పాకే పీచు వేళ్లు, మిగతా మొక్కల వేళ్లకుండే సన్నటి నూగు వీటికి ఉండదు. ఎండకి ఇట్టే ఎండుతాయి, నీళ్లు నిలిస్తే కుళ్లుతాయి. ఇంత సుకుమారం పిల్ల గురించి కేటలాగులో రాసింది ఒకే ఒక్క మాట: పెంచడం చాలా సులభం!

నాకు కోపం తెప్పించేది కాయల్ని పెద్దవి చేసి చూపించిన బొమ్మ కాదు. సరుకు గొప్పగా చూపించడం ఎవరైనా చేస్తారు. సంతలో కూరగాయలమ్మాయి కూడా మంచి వంకాయలే పైన పేరుస్తుంది. ఆ అమ్మాయి పేర్చినవాటిని నేను ఎత్తి కింద చూడగలను. వీళ్లు చెప్పకుండా దాచింది, నాలాంటి కొత్తవాళ్లకి దాచారని కూడా తెలీదు. నేల, చలి, ఓపిక అనే మూడు మాటలు ఆ పేజీలో ఎక్కడా లేవు.

మేముండే ఈ రాష్ట్రంలోనే బ్లూబెర్రీ అడవి పండు నుంచి తోట పండు అయింది. వైట్స్‌బాగ్ అనే ఊరు, ఇసక నేల, పైన్ అడవి. అక్కడ క్రాన్‌బెర్రీ తోటల యజమాని కూతురు ఎలిజబెత్ వైట్. అమెరికా వ్యవసాయ శాఖలో ఫ్రెడరిక్ కొవిల్ అనే శాస్త్రవేత్త ఈ మొక్కకి పులుపు నేల కావాలని ప్రయోగాలు చేసి 1910లో రాశాడు. ఆవిడ 1911లో అది చదివి, మా పొలంలో చేద్దాం రండి అని ఆయనకి ఉత్తరం రాసింది. చుట్టుపక్కల అడవిలో పళ్లు ఏరుకునేవాళ్లకి ఒక కొలత ఇచ్చింది. పలకలో ఒక రంధ్రం, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. మన చిన్నప్పటి స్టీలు పది పైసల బిళ్ళంత. ఆ రంధ్రంలోంచి జారిపోని కాయ కాసే పొద కనిపిస్తే చూపించండి, డబ్బిస్తాను, పొదకి మీ పేరే పెడతాను అంది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద పేరు ఈనాటికీ రూబెల్. అలా ఏరిన పొదల్ని కొవిల్ ఒకదానితో ఒకటి సంకరం చేశాడు. మొదటి పంట అమ్మకానికి వెళ్లింది 1916లో.

ఒకసారి ఆ ఊరు చూసి తిరిగి వస్తూ కారులో నేను ఇదే అనుకున్నాను. పది పైసల బిళ్ళంత కాయ కోసం ఆవిడ అడవంతా గాలించింది. చేతిలో శాస్త్రవేత్త, సొంత పొలం, సరైన నేల అన్నీ ఉండి అయిదేళ్లు పట్టింది. ఆ తర్వాత వందేళ్ల సంకరాలతో కాయ పెద్దదయిన మాట నిజమే. కానీ అర డాలరు బిళ్ళ పదిపైసల బిళ్ళకి దాదాపు రెట్టింపు అడ్డం ఉంటుంది. ఆవిడ చేతిలో ఉన్నట్టు నా చేతిలోనూ ఒక కొలత ఉంటే ఆ కేటలాగు పేజీ అందులోంచి జారిపోయి ఉండేది.

అందుకని నాకోసం నేను కొన్ని ప్రశ్నలు పెట్టుకున్నాను. డబ్బు కట్టేముందు అడగాల్సినవి.

మొదటిది, రకం పేరేంటి? మనం మామిడి మొక్క కొనాలంటే "మామిడి" అంటే ఊరుకుంటామా? బంగినపల్లా, సువర్ణరేఖా, కొత్తపల్లి కొబ్బరా అని అడుగుతాం. బ్లూబెర్రీ కూడా అంతే. డ్యూక్, బ్లూక్రాప్, ఎలియట్ అని పేర్లుంటాయి. డ్యూక్ ముందు కాస్తుంది, బ్లూక్రాప్ నడిమధ్య, ఎలియట్ ఆఖర్న. వేసవి అంతా కాయలు కావాలంటే ఇలా రెండు మూడు రకాలు పెట్టుకోవాలి. ఒకే చెట్టు వేసవి పొడుగునా కాయదు. పక్కన ఇంకో రకం ఉంటే తేనెటీగలు పుప్పొడి మార్చి కాయ కూడా బాగా ఊరుతుంది. రకం పేరు చెప్పలేని వాడికి తను ఏం అమ్ముతున్నాడో తెలీదు, లేదా తెలిసి చెప్పడం లేదు.

రెండోది, ఎంత చలి కావాలి? మా వైపు పెరిగే రకాలకి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి 800 నుంచి 1,000 గంటల దాకా తగలాలి. ఆ నిద్ర సరిపోకపోతే వసంతంలో పూత సరిగ్గా రాదు. రాజమండ్రిలో అలాంటి చలి ఒక్క గంట కూడా ఉండదు. అలాగని వేడి ప్రాంతాల్లో అసలు కాయదని నేను అనను. ఫ్లోరిడాలో అక్కడి అడవి జాతితో కలిపి తక్కువ చలి చాలే రకాలు తయారుచేశారు. బిలోక్సీ లాంటి రకాలు ఉన్నాయి. మన దేశంలోనూ కొందరు రైతులు అలాంటివాటిని సంచుల్లో, పులుపు కలిపిన మట్టిలో, బొట్టు బొట్టు నీళ్లతో పెంచుతున్నారు. కానీ వాళ్లు చేసేది సేద్యం. డాబా మీద గోలెంలో పెట్టి చెంబుతో నీళ్లు పోస్తే అయ్యే పని కాదు.

మూడోది, ఏ మట్టి, ఏ నీళ్లు? కాగబెడితే గిన్నెకి తెల్లగా పొరకట్టే బోరు నీళ్లయితే రోజూ మనమే కొంచెం కొంచెం సున్నం పోస్తున్నట్టు. తాగేసిన కాఫీ పొడి వేస్తే నేల పులుపెక్కుతుందని చాలామంది చెబుతారు. కాచి వడకట్టిన పొడిలో చెప్పుకోదగ్గ పులుపు మిగలదు. నేను గంధకం వేసి, పీట్ మాస్ కలిపి, ఆరు నెలలు ఆగి, మళ్లీ మట్టి పరీక్ష చేయించి అప్పుడు నాటాను. మీద పైన్ చెట్ల బెరడు, ఆకులు దట్టంగా పరిచాను.

నాలుగోది, ఎన్నేళ్లకి, ఎంత? నాటిన మూడో ఏట రుచి చూసేంత. పూర్తి కాపుకి ఆరు నుంచి ఎనిమిదేళ్లు. ఎదిగిన పొద ఏడాదికి రెండు మూడు కిలోలు, బాగా చూసుకుంటే నాలుగు. ఇక గింజల ప్యాకెట్ల సంగతి చెప్పక్కర్లేదు. గింజ నుంచి మొలిచింది తల్లి చెట్టులా ఉండదు, కాయడానికి ఏళ్లు పడుతుంది.

చివరిది, చచ్చిపోతే ఎవర్ని అడగాలి? ఊరి పేరు, చిరునామా, ఎత్తితే పలికే ఫోన్ నంబరు ఉండాలి. "ఇంకో పది నిమిషాలే ఈ ధర" అని గడియారం తిప్పేవాడు మనల్ని ఈ ప్రశ్నలు అడగనివ్వకుండా తిప్పుతున్నాడు. నిజం మొక్క పదో నిమిషం దాటినా నర్సరీలోనే ఉంటుంది.

కొరియర్లో కొనేవన్నీ మోసం అని కూడా అనడం లేదు. ఇప్పుడు నా పెరట్లో కాస్తున్న రెండు పొదలూ కొరియర్లో వచ్చినవే. వాటితోపాటు వచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇది: మొదటి రెండేళ్లు పూలు గిల్లేయండి, కాయనివ్వకండి, వేళ్లు పట్టుకోనివ్వండి. చదివి నేను ఆశ్చర్యపోయాను. డబ్బు తీసుకుని, కాపు వద్దంటున్నాడేంటి వీడు? అప్పుడే వాడి మీద నమ్మకం కుదిరింది. తెల్లటి గంటల్లాంటి పూలు గిల్లుతుంటే మా అమ్మాయి ఏడ్చింది. నాలుగో ఏట గిన్నెడు కోసింది. నీలంగా మారిన రోజే కొయ్యకూడదనీ, తొడిమ దగ్గర ఎరుపు పోయేదాకా నాలుగైదు రోజులు ఆగితేనే తీపి వస్తుందనీ అదే ఇప్పుడు నాకు చెబుతుంది. మొక్కలు, గంధకం, పీట్ మాస్, పిట్టల వల అన్నీ లెక్కేస్తే బజార్లో కొనుక్కోవడమే చవక. డబ్బు మిగులుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ నాలుగు రోజులు ఆగిన కాయ బజార్లో దొరకదు, అందుకే పెంచుతున్నాను.

కష్టం చెప్పని వాడి దగ్గర మొక్క కొనకండి. నేను నేర్చుకున్నది ఇంతే.

అయితే ఇది తెలిసిన నేను మా అమ్మకి ఎందుకు చెప్పలేదు? తను ఇక్కడికి వచ్చినప్పుడు ఈ పొదల్నే చూసింది, కాయలు కోసింది. మొదటి రెండు పుల్లల సంగతి చెప్పి ఉంటే తొంభై రోజుల మాట చూడగానే తనకి అనుమానం వచ్చేది. కుందేళ్ల కథే ఆవిడకీ చెప్పాను. నా పరువు కాపాడుకోవడానికి నేను దాచుకున్నదానికి అమ్మ 1,499 రూపాయలు కట్టింది.

ఇంకోటి కూడా తర్వాత తెలిసింది. అమ్మ జూన్‌లో కొని, ఆగస్టుకల్లా మోసమని తెలిసి, గప్‌చుప్‌గా ఎండిన కుండీలు ట్యాంకు వెనక పెట్టేసింది. ఎదురింటి పిన్నిగారు అదే ప్రకటన చూసి సెప్టెంబరులో కొన్నారు. ఆవిడా చెప్పలేదు. ఇద్దరూ రోజూ సాయంత్రం మాట్లాడుకుంటారు. మొక్కల గురించే మాట్లాడుకుంటారు.

ఎందుకు చెప్పరో మనకి తెలుసు. మా తమ్ముడు షేర్లలో పోగొట్టుకున్నది అమ్మ మొక్కలకి వంద రెట్లు ఉంటుంది. దాన్ని ఇంట్లో అందరూ "మార్కెట్ పడింది" అంటారు. అమ్మ పోగొట్టుకుంటే "అమ్మకి ఏం తెలీదు, ఫోన్ ఇవ్వకూడదు" అంటారు. అదే మాట రేపు అల్లుడూ, మనవలూ అంటారని భయం. ఆడవాళ్లం చేతిఖర్చుల్లోంచి మిగిల్చి కొన్నది పోతే, డబ్బు కన్నా ముందు ఆ నవ్వు గుర్తొస్తుంది. అమ్మేవాడికి కావాల్సింది అదే. ఒక్కొక్కరం ఒక్కో ఇంట్లో నోరు మూసుకుంటే వాడి ప్రకటన కొత్తదిగానే ఉంటుంది.

పెద్ద చదువులున్నవాళ్లు పడరనీ అనుకోకండి. 2020లో అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ జనానికి వాళ్లు అడగని గింజల పొట్లాలు పోస్టులో వచ్చాయి. మన పేరు మీద పార్సిల్ పంపి, ఆ పేరుతో వాళ్లే మంచి రివ్యూలు రాసుకునే ఎత్తుగడ అయ్యుండొచ్చన్నారు. నాటకండి, మాకు పంపండి అని వ్యవసాయ శాఖ మొత్తుకుంది. అప్పటికే కొందరు నాటేశారు. చేతిలో గింజ ఉంటే నాటాలనిపించడం మనిషి గుణం. దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు.

నేను మా వారికి కుందేళ్ల సంగతి చెప్పేశాను. ఆయన కంచె వైపు చూసి, "నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఒక్క పంటి గాటు కూడా లేదు" అన్నారు. తర్వాత అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వాక, ఎదురింటి పిన్నిగారితో తన సంగతి చెప్పింది. ఆ పూటే ఆవిడదీ బయటపడింది. ఇద్దరూ కలిసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశారు. డబ్బు వస్తుందో రాదో గానీ, ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించింది అమ్మ.

బతికిన ఆ నాలుగో మొక్క ఆకు నలిపి చూసి, "ఇది నేరేడే" అని తేల్చేసింది. "రంగు మాత్రం కలిసిందిలే" అంది. డాబా మీద చాలదని వీధి చివర రామాలయం ఆవరణలో నాటించింది.

పోయిన వారం కడియం వెళ్లిందట. ఒక నర్సరీలో కుర్రాడు బ్లూబెర్రీ ఉంది తీసుకోండి అన్నాడట.

"ఏ రకం బాబూ అని అడిగానే."

"ఏమన్నాడు?"

"బ్లూబెర్రీ రకమే అమ్మగారూ అన్నాడు."

"కొన్నావా?"

"రెండు మల్లె అంట్లు కొనుక్కుని వచ్చేశాను."